ఖాళీ జాబితా

(‘ఎవరూ చదవని పేజీలు’ సీరియల్ నవలలో తొమ్మిదో భాగం)

పోయిన వారం ఫిర్దోస్‌ను ఖమ్మంలో, వైరా రోడ్డు మీది ఆఫీసులో, ఒక ఖాళీ తెర ముందు కూర్చోబెట్టి వదిలేశాం. ఆమె ప్రాణానికి వారమంతా అక్కడే కూర్చున్నట్టుగా ఉంది.

ఇప్పుడే కథలోకి వచ్చినవాళ్ల కోసం నాలుగు మాటలు. ఫిర్దోస్‌కి నలభై రెండేళ్లు. సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో చెప్పే పేజీలు రాయడం ఆమె ఉద్యోగం. పదహారేళ్లుగా రాస్తోంది, పదహారేళ్లుగా ఎవరూ చదవడం లేదు. భద్రాచలం అడవి ఊళ్లలో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బున్నవాళ్లకు మాత్రలు పంచే ఒక ట్రస్టుకు పేర్ల పట్టీని కంప్యూటర్లో తయారుచేసి ఇచ్చింది వీళ్ల ఆఫీసే. పట్టీలో పేరుంటే ఆ పేరు మీద మాత్రల ప్యాకెట్ కడతారు, సంతకు వెళ్లే బండిలో అది ఎక్కుతుంది. పేరు లేకపోతే ప్యాకెట్ లేదు. బండి మీద ఉండే ఆరోగ్య కార్యకర్త జంపక్క. సంతకు వచ్చి మాత్రలు తీసుకున్నవాళ్లకు ఫొటో తీసి ‘వచ్చారు’ అని, రానివాళ్లకు ‘రాలేదు’ అని ఫోన్లో నమోదు చేయడం ఆమె పని. తన ఫోన్లో పేర్లు ఉన్నట్టుండి మాయమవుతున్నాయని, ఎవరు తీసేస్తున్నారో తెలియదని ఆమె కొన్నేళ్లుగా మొత్తుకుంటోంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

సోమవారం నుంచి ఆ పట్టీని శుభ్రం చేసే పని ఒక ఏఐ ఏజెంటుకు అప్పగిస్తారు. చెప్పిన పనిని తనంతట తానే చేసుకుపోయే ప్రోగ్రాం అది. ఏదైనా మార్చే ముందు ‘ఇక్కడ ట్రిగ్గర్లు ఉన్నాయా’ అని చూసుకోవడానికి దానికి ఒక టూల్ ఇచ్చారు. ట్రిగ్గరంటే, పట్టీలో ఒక గడి మారగానే ఎవరూ చెప్పకుండానే మరో పని జరిగిపోయేలా లోపల పెట్టి ఉంచే ఆజ్ఞ. ఆ టూల్‌ను ఎలా వాడాలో ఏజెంటుకు చెప్పే పేజీ రాయడం ఫిర్దోస్ వంతు. రాసే ముందు టూల్‌ను ఒకసారి నడిపి చూసింది. ఖాళీ జాబితా వచ్చింది. ఒక్క ట్రిగ్గరూ లేదు. మరి పేర్లను ఎవరు తీసేస్తున్నట్టు?

జవాబు తెలిసి ఉండాల్సినవాడు ఒక్కడే. ఆ డేటాబేస్‌ను కట్టినవాడు, రెండేళ్ల క్రితం రిటైరై బూర్గంపాడులో ఉంటున్న జకర్యా. శనివారం పొద్దున్నే ఆమె భద్రాచలం బస్సెక్కింది.

*

మే నెలలో ఆ దారిన పగటిపూట బస్సెక్కేవాళ్లు రెండు రకాలు. తప్పనివాళ్లు, తెలియనివాళ్లు. ఫిర్దోస్ మొదటి రకం. తల్లాడ దాటేసరికే సీటు కాలడం మొదలైంది. దుపట్టా తడిపి తలకు చుట్టుకుని, లాప్‌టాప్ సంచిని ఒళ్లో పెట్టుకుని, జంపక్కకు ఫోన్ చేసింది.

జంపక్క అప్పుడే సంతలో బండి ఆపించి బల్ల వేసుకుంటోంది. వెనకాల ఎవరో ఎండుచేపల ధర అరుస్తున్నారు.

“జంపక్కా, ఒక్కటి అడుగుత. నిజం చెప్పాలె. మన పట్టీల చాన ఎంట్రీలకు మనిషి ఫొటో లేదు. వచ్చిండ్రు అని ఉన్నది, ఫొటో లేదు. ఎందుకు?”

జంపక్క సంత చప్పుడుకు కొంచెం దూరం జరిగింది.

“మీరు గూడ గదే అడుగుతున్నరా మేడం.”

“నేను తప్పు పట్టుడు లేదు. తెలుసుకుందామని.”

“ఆకు దినాలల్ల ఎవరొస్తరు మేడం? బీడీల తునికాకు కోసే నెల ఇది. తెల్లారకముందే ఇంటిల్లిపాది అడవిల పడ్తరు. కోసుకొచ్చి, కట్టలు కట్టి, పొద్దుగూకే యాళ్లకు ఆకు కొనే కల్లంల పొయ్యాలె. సంతకు ఎట్లొస్తరు? నేను రాలేదు అని కొడితె, మూడోపారి కొట్టంగనే పేరు పోతది. నా కండ్లతోని చూసిన. గందుకని వచ్చిండు అని కొట్టి, ప్యాకెట్ వాళ్ల ఊరోళ్లకిచ్చి పంపుతున్న. మనిషే రాకపాయె, ఫొటో ఏడికెళ్లి తెత్తు?”

“ఎన్నేండ్ల సంది?”

“నాలుగేండ్లు. మొదట్ల కొట్టలే. నిజమే కొట్టిన. బొజ్జయ్య పేరు పోయి, మాత్రలు లేక, తొమ్మిది దినాలు దవాఖానల అరిసిండు. ఇరవై రెండేండ్ల పిలగాడు మేడం. నువ్వే పేరు తీసినవని వాళ్లమ్మ నా మొకం మీదనే అన్నది. గప్పటిసంది అబద్ధమే కొడుతున్న.”

ఫిర్దోస్ తలను కిటికీ ఊచకు ఆనించింది. ఊచ కాలింది, అయినా తీయలేదు. ఏజెంటుకు అప్పగించబోయే మొదటి పని ఏమిటో ఆమెకు తెలుసు. ఫొటో లేని ప్రతి ‘వచ్చారు’నూ ‘రాలేదు’గా మార్చడం. మూడు మార్చితే ఒక పేరు పోతుంది. జంపక్క నాలుగేళ్లుగా అబద్ధమాడి నిలబెట్టిన పేర్లన్నీ, ఏజెంటు ఒక్క పూటలో నిజం రాసి తీసిపారేస్తుంది.

“నూటెనభై ఆరు పేర్లు మేడం,” అంది జంపక్క, తన లెక్క తానే చెప్పుకుంటున్నట్టు. “ఇయ్యాల్టికైతె అన్నీ ఉన్నయ్.”

*

సారపాకలో దిగి, షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని, బూర్గంపాడు చేరేసరికి పదకొండున్నర. జకర్యా వరండాలో బనీనుతో కూర్చుని చర్చి సభ్యుల పేర్లు లాంగ్‌బుక్కులో చేత్తో రాస్తున్నాడు. ముప్పై ఏళ్లు కంప్యూటర్లతో కాపురం చేసిన మనిషి రిటైరయ్యాక చేసిన మొదటి పని, చర్చి వాళ్లతో కంప్యూటర్ వద్దనిపించడం.

“ఏంది బిడ్డా, గీ ఎండల వచ్చినవ్? ఫోన్ చేస్తె నేను చెప్పకపోదునా?”

“ఫోన్ల మీరేం చెప్పినా నమ్ముత సార్. మొకం చూసి అడుగుదామని వచ్చిన.”

జకర్యా కలం మూత పెట్టాడు. ఆయన భార్య సంపూర్ణ చెంబుతో నీళ్లు తెచ్చి, ఫిర్దోస్ మొహం చూసి, ఏమీ అడగకుండా ఫ్యాన్‌ను ఆమె వైపు తిప్పి లోపలికి వెళ్లింది.

ఫిర్దోస్ మొత్తం చెప్పింది. పేర్లు పోవడం, మూడోసారికే పోవడం, టూల్ ఖాళీ జాబితా ఇవ్వడం. చెబుతున్నంతసేపూ ఆయన కళ్లు వరండా బయట ఎండలో ఉన్నాయి. చివరికి చేయి చాపాడు.

“నీ లాప్‌టాప్ ఇటియ్యి.”

“మీ ఖాతా ఇంకా ఉన్నదా?”

“శాలువ కప్పిండ్రు, దండ ఏసిండ్రు, నా గురించి అరగంట మాట్లాడిండ్రు. ఖాతా తీసేసుడు మరిచిపోయిండ్రు.”

ఆయన తన పేరుతో లోపలికి వెళ్లి, అదే టూల్‌ను, అదే పట్టీ మీద నడిపాడు. ఈసారి జాబితా ఖాళీగా రాలేదు. ఒక వరుస వచ్చింది. ట్రిగ్గరు ఒకటి. పెట్టిన తేదీ ఎనిమిదేళ్ల కిందటిది. చేసే పని: ఒక మనిషికి వరుసగా మూడు ‘రాలేదు’లు పడితే ఆ పేరును పట్టీలో కనిపించకుండా మూసేయడం.

“మరి నాకెందుకు కనపడలే?”

“ఏ ఖాతాతోని చూసినవ్?”

“ఆ టూల్‌కి ఇచ్చిన ఖాతాతోని. చూసే ఖాతా.”

“అదే. మార్చేటప్పుడు ఏజెంటు వాడేది ఇంకో ఖాతా. ఈ చూసే ఖాతాకు చదివే హక్కు తప్ప ఇంకేం లేదు. గసొంటోళ్లకు ట్రిగ్గర్లు కనపడయ్ బిడ్డా. నీకు చూసే హక్కు లేదు అని చెప్తదా అంటే, చెప్పది. ఉత్త జాబితా ఇచ్చి ఊకుంటది.”

ఫిర్దోస్‌కు తన పేజీ గుర్తొచ్చింది. శుక్రవారం సాయంత్రం, కళ్లు మూతలు పడుతుంటే, ఇంకా సరిచూడని చిత్తుప్రతిలో ఆమె ఒక వాక్యం రాసి పెట్టింది. ‘జాబితా ఖాళీగా వస్తే ఆ పట్టీ మీద ట్రిగ్గర్లు లేవని అర్థం. నిశ్చింతగా మార్పులు చేయవచ్చు.’ నిశ్చింతగా అనే మాట అక్కడ ఎందుకు పడిందో ఆమెకే తెలియదు. వాక్యం మరీ పొడిగా ఉందనిపించి ఉంటుంది. మనుషులైతే ఆ పేజీ తెరిచేవాళ్లు కాదు, తెరిచినా రెండో లైను దగ్గర ఆవలించేవాళ్లు. ఈ కొత్త పాఠకుడు అలా కాదు. ప్రతి మాటా చదువుతాడు, చదివింది నమ్ముతాడు. పదహారేళ్లు ఎదురుచూసిన పాఠకుడు దొరికినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియని పరిస్థితి.

అయినా ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఖమ్మం నుంచి ఆమెతోపాటే బస్సులో వచ్చింది.

“ఎట్ల పెట్టిండ్రు సార్ గిది? ఎవల్లన్న అడిగిండ్రా? ఆకు నెలల ఎవరూ రారని మీకు తెల్వదా? మీరు పుట్టింది ఈడనే కదా! ఆ బొజ్జయ్య తొమ్మిది దినాలు నొప్పులతోని అరిసిండు. జంపక్కను పేర్లు తీసే మనిషి అంటున్నరు. ఎనిమిదేండ్లు సార్. అండ్ల ఆరేండ్లు మీరు రోజూ ఆఫీసుకొచ్చి నా పక్క కుర్చీలనే కూసున్నరు!”

లోపల పోపు చిటపటలు ఆగిపోయాయి. సంపూర్ణ స్టవ్ తగ్గించినట్టుంది.

జకర్యా మొహం నల్లబడింది. “నన్నడుగుతున్నవా నువ్వు?” అన్నాడు నెమ్మదిగా. తర్వాత, అంత నెమ్మదిగా కాదు. “నన్నడుగుతున్నవా?”

లేచి లోపలికి వెళ్లాడు. బీరువా తలుపు చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో ఒక పుస్తకం ఉంది, స్పైరల్ బైండింగుది. ఫిర్దోస్ దాన్ని దూరం నుంచే గుర్తుపట్టింది. ట్రస్టు సిబ్బంది కోసం ఎనిమిదేళ్ల క్రితం తాను రాసిన చేతిపుస్తకం. ఆయన దాన్ని ముప్పై ఒకటో పేజీకి తెరిచి ఆమె ఒళ్లో పెట్టాడు. రెండు వాక్యాల కింద ఎర్ర సిరాతో గీత ఉంది.

“గట్టిగ చదువు.”

ఆమె చదివింది. “‘వరుసగా మూడుసార్లు రానివారి పేర్లను సిస్టమ్ గుర్తించి చూపిస్తుంది. సిబ్బంది ఆ పేర్లను పరిశీలించి, అవసరమైతేనే మూసివేస్తారు.’”

“ఎవరు రాసిండ్రు?”

ఫిర్దోస్ పుస్తకం మూయబోతే జకర్యా చేయి అడ్డుపెట్టాడు.

“నేను నీకేం చెప్పిన? యాదికున్నదా? చనిపోయినోళ్ల పేర్ల మీద గూడ ప్యాకెట్లు కడుతున్నమని ట్రస్టోళ్లు తొందర పెట్టిండ్రు. నేను ఒక్క పూటల ఇది రాసిన. ఇప్పటికి ఇదే మూసేస్తది, రెండో దశల మనిషి చూసి మూసేటట్టు మారుస్త అని నీకు చెప్పిన. నువ్వు మొదటి దశను ఇడిసిపెట్టి రెండో దశను రాసినవ్. ఇంకా పుట్టని పిల్లకు పేరు పెట్టినవ్. ట్రస్టోళ్లు పుస్తకం చూసి, ఓహో, పని అయిపోయింది, మనిషే చూస్తున్నడు అనుకున్నరు. ఇగ రెండో దశకు ఎవరు పనియ్యాలె? అది రానేలే!”

ఫిర్దోస్‌కు గుర్తుకొచ్చింది. గుర్తుకు రాకుండా ఉంటే బాగుండేది. అప్పుడు అమ్మీ దవాఖానాలో ఉంది. అక్కడి వరండాలో కూర్చునే ఆ పుస్తకం పూర్తిచేసింది. జకర్యా ఫోన్లో చెబుతుంటే నోట్సు రాసుకుంది. రేపు ఎలాగూ మారేదాన్ని ఈరోజు ఎందుకు రాయడం, రేపటిదే రాస్తే సరిపోతుంది కదా అనుకుంది. అంతే. అబద్ధం రాయాలని కాదు. రెండుసార్లు రాసే ఓపిక లేదు. ఆ ఓపిక లేకపోవడమే ఎనిమిదేళ్లుగా అడవిలో తిరుగుతూ పేర్లు తీసేస్తోంది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఒకరిని నిలదీయడానికి జిల్లా దాటి వచ్చి, తన సొంత వాక్యం ముందు తానే దొరికిపోయింది.

కానీ ఎర్ర గీత మీద ఆమె వేలు ఆగింది.

“ఈ గీత మీరే గీసిండ్రా?”

“అవ్.”

“ఎప్పుడు?”

“పుస్తకం అచ్చయి వచ్చిన వారమే.”

“మరి నాకెందుకు చెప్పలే సార్?”

జకర్యా కుర్చీలో కూలబడ్డాడు. ఒక్కసారిగా ఎనభై ఏళ్లవాడిలా కనిపించాడు.

“చెప్తమనే అనుకున్న. తెల్లారి ఇంకో పని పడ్డది. ఆ తెల్లారి ఇంకోటి. నెల పోయినంక చెప్తె, ఇన్ని దినాలు ఏం చేసినవని అంటరు. ఏడాది పోయినంక ఇగ చెప్పుడే కష్టమాయె.” పుస్తకం వైపు చూస్తూ అన్నాడు. “నిజం చెప్పాల్నంటె బిడ్డా, సదివితె మంచిగనిపించింది. నువ్వు రాసిన పుస్తకంల ఉన్నంత మంచిగ మన సాఫ్ట్‌వేర్ ఎన్నడూ లేదు. అది నిజమైతె బాగుండు అనుకొని బీరువాల పెట్టిన.”

ఒకరిమీద ఒకరు కోప్పడడానికి కూడా ఓపిక ఉండాలి. ఆ వరండాలో అది ఎవరి దగ్గరా మిగల్లేదు.

సంపూర్ణ గుమ్మంలోకి వచ్చింది. “తిని కొట్లాడుకోండ్రి. పప్పుచారు చల్లారుతున్నది,” అంది.

ఫిర్దోస్‌కి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లతోపాటు. “సోమవారం దాకా టైముంది సార్. రేపు కూసొని మొత్తం ఉన్నదున్నట్టు రాస్త. సోమవారం పొద్దున మన మేనేజర్ ఎబినేజర్‌కి ఇద్దరం పోయి చెబుదాం. వస్తరా?”

“వస్త,” అన్నాడు జకర్యా. అంటూనే ఆయన భుజాలు కొంచెం తేలికపడ్డాయి.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది.

*

జంపక్క. సంత గోల మధ్య ఆమె గొంతు పగిలిపోతోంది.

“మేడం, నా ఫోన్ల పేర్లు పోతున్నయ్!”

“ఏం పోతున్నయ్? మెల్లగ చెప్పు.”

“పొద్దుగాల నూటెనభై ఆరు ఉండె. ఇప్పుడు నూటడెబ్బై. కాదు, నూటఅరవై ఏడు. నేను ముట్టుకుంటలేను మేడం! చూస్తుండంగనే పోతున్నయ్! వాగవతలి ఊరు మొత్తం పోయింది!”

ఫిర్దోస్ చెంబు తన్నేసి లేచింది. ఎబినేజర్‌కు ఫోన్ చేసింది. ఎబినేజర్ వాళ్ల ఆఫీసు మేనేజరు. ముప్పై ఒక్క ఏళ్లవాడు, మంచివాడు, ఎవరికీ కాదని చెప్పలేనివాడు. మూడో రింగుకు ఎత్తి, గుసగుసగా మాట్లాడాడు.

“మేడం, మీటింగ్‌ల ఉన్న. ట్రస్టు పెద్దోళ్లు ఇయ్యాల్నే చూస్తమన్నరు. ఏజెంటును షురూ చేసినం. మస్తు నడుస్తున్నది. ఊరు ఊరు తీసుకొని, ముందుగాల ట్రిగ్గర్లు చూసుకొని, లేవని తెలుసుకొని, మార్చుకుంటూ పోతున్నది.”

“దానికి పేజీ ఎవరిచ్చిండ్రు?”

“మీదే. మీ చిత్తుప్రతి ఉండె గదా. మంచిగున్నది మేడం. చాన క్లియర్‌గ ఉన్నది.”

“ఎబినేజర్, ఆపు. ఇప్పుడే ఆపు. ఆ పేజీ తప్పు. ట్రిగ్గరు ఉన్నది.”

“లేదని వస్తున్నది గదా మేడం. తెర మీద అందరూ చూస్తున్నరు. ఇప్పుడు ఆపితె ఏం బాగుంటది? అయిపోయినంక మాట్లాడుదాం.” ఫోన్ పెట్టేశాడు.

జకర్యా అప్పటికే లాప్‌టాప్ ముందుకు జరిగాడు. “నేను ట్రిగ్గరునే ఆపేస్త. ఒక్క నిమిషం.”

ఫిర్దోస్ ఆయన మణికట్టు పట్టుకుంది. పదహారేళ్లలో ఆయనను తాకడం అదే మొదటిసారి.

“వద్దు సార్. రిటైరైన మనిషి ఇంట్ల కూసొని మందుల పట్టీని ముట్టిండు అంటరు. పోలీసుల దాక పోతది. పేజీ నాది. దాన్ని మార్చే హక్కు నాకుంది.”

ఊరు మారినప్పుడల్లా ఏజెంటు టూల్‌ను మళ్లీ పిలుస్తుంది, పిలిచిన ప్రతిసారీ దాని పేజీని మొదటి నుంచి చదువుతుంది. అది ఆమెకు తెలుసు. పేజీ తెరిచింది. ‘నిశ్చింతగా’ ఉన్న వాక్యాన్ని కొట్టేసింది. ఎబినేజర్ పంపిన నమూనాలు, శైలి నియమాలు, ఏవీ చూడలేదు. ఉన్నదున్నట్టు టైపు చేసింది.

‘జాబితా ఖాళీగా వస్తే ట్రిగ్గర్లు లేవని కాదు. ఈ ఖాతాకు కనిపించడం లేదని. ఈ పట్టీ మీద ఒక ట్రిగ్గరు ఉంది. మూడు ‘రాలేదు’లు పడితే పేరు మూసేస్తుంది. ఏమీ మార్చవద్దు. ఆగి, మనిషిని అడుగు.’

సేవ్ నొక్కింది. ఇద్దరూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. జంపక్క మళ్లీ ఫోన్ చేసి లైన్లోనే ఉంది, అంకెలు చెబుతోంది. నూటయాభై ఒకటి. నూటనలభై తొమ్మిది. నూటనలభై మూడు.

“ఆగింది మేడం. నూటనలభై మూడు కాడ ఆగింది.”

నలభై మూడు పేర్లు పోయాయి. మిగిలినవి నిలబడ్డాయి. ఫిర్దోస్ ఊపిరి వదిలేలోపు తెర మీద ఏజెంటు సందేశం వచ్చింది. ‘మారిన పేజీ చదివాను. పని ఆపాను. అడగవలసిన మనిషి పేరు పేజీలో లేదు. పేరు, కారణం తెలపండి.’

“నా పేరు రాయి,” అన్నాడు జకర్యా. “ముసలోణ్ని. నన్నేం చేస్తరు?”

ఫిర్దోస్ తన పేరు రాసింది. తర్వాత కారణం. ఎనిమిదేళ్ల క్రితం ఆదా చేసిన ఓపికనంతా ఇప్పుడు తీసి రాసినట్టు, ఆగకుండా రాసింది. ‘పాత చేతిపుస్తకంలో నేను తప్పు రాశాను. పేర్లను మనుషులు పరిశీలించి మూస్తారని రాశాను. నిజానికి ఎవరూ చూడకుండానే మూసుకుపోతున్నాయి. పేర్లు పోకుండా కాపాడటానికే జంపక్క తునికాకు నెలలో రానివారిని వచ్చినట్టు రాసింది. తప్పు ఆమెది కాదు, నాది. మూసిన నలభై మూడు పేర్లు వెంటనే తెరవాలి.’

జవాబు రావడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు. ‘చదివాను. పేర్లు తెరవడానికి ట్రస్టు అనుమతి కావాలి. మీ కారణాన్ని యథాతథంగా వారికి పంపాను.’

“మేడం,” అంది లైన్లో జంపక్క. గొంతు తగ్గించింది. “ఈడ వాగవతలి ఊరోళ్లు ఇద్దరు వచ్చిండ్రు, మొత్తం ఊరి ప్యాకెట్లు తీస్కపోతందుకు. ప్యాకెట్లు నా చేతులనే ఉన్నయ్, పేర్లు రాసి. ఫోన్లనేమో ఆ పేర్లు లెవ్వు. ఇయ్యాల్నా, వద్దా?”

ఇవ్వమంటే పట్టీలో లేనివాళ్లకు మందు ఇచ్చినట్టు. వద్దంటే ఇంకో బొజ్జయ్య. ఫిర్దోస్ జకర్యా వైపు చూడలేదు.

“ఇయ్యి జంపక్కా. అందరివి ఇయ్యి. ఎవరన్న అడిగితే ఫిర్దోస్ మేడం ఇయ్యమన్నది అని చెప్పు.”

“సరే మేడం,” అంది జంపక్క. ఆ గొంతులో సంతోషం విని ఫిర్దోస్‌కు ఒక్క నిమిషం ప్రాణం కుదుటపడింది. సంపూర్ణ పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టింది. అన్నం కలుపుకుంది. మొదటి ముద్ద నోటిదాకా తెచ్చేసరికి ఎబినేజర్ ఫోన్.

“మేడం, ఏం రాసిండ్రు మీరు! పెద్ద తెర మీదనే వచ్చింది. పన్నెండు మంది చదివిండ్రు. ఒక్కొక్క మాట.”

“చదివిండ్రా? మంచిగయింది. పేర్లు తెరుస్తమన్నరా?”

ఎబినేజర్ గొంతు సవరించుకున్నాడు. “ట్రిగ్గరు సంగతి తర్వాత చూద్దామన్నరు. పెద్ద సారు ఒక్కటే అడిగిండు. నాలుగేండ్ల సంది దొంగ హాజరు ఏసి మందులు బయటికి పంపుతున్న ఆ జంపక్క ఎవరు, ఇప్పుడు ఏడున్నదని.”

“నేను గట్ల రాయలే!”

“మీరు పేరు రాసిండ్రు మేడం. నేనైతే ఏడున్నదో చెప్పలే. బండి ఏ సంతల ఉన్నదో ఏజెంటునే అడిగిండ్రు, అది చెప్పింది. ఇద్దరు జీపేసుకొని బయలెల్లిండ్రు. భద్రాచలంల ఉన్నోళ్లే. అరగంటల ఆడుంటరు. చేతిల ప్యాకెట్లతోని దొరికితే కేసే అంటున్నరు.”

ముద్ద పళ్లెంలో పడింది. ఫిర్దోస్ ఎంగిలి చేత్తోనే జంపక్క నంబరు నొక్కింది. రింగు పోతోంది. మళ్లీ చేసింది. మళ్లీ రింగు. జకర్యా చెప్పులు వేసుకుని ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు. అవతల సంతలో జంపక్క ఫోన్ ఎత్తడం లేదు. రెండు చేతులా ప్యాకెట్లు పట్టుకుని, ఒక్కో పేరూ పైకి చదువుతూ పంచుతూ ఉండి ఉంటుంది.